సైనోవియల్ సార్కోమా: గడ్డ మీద కత్తి పెట్టకముందే తెలుసుకోవాల్సినవి

మోకాలి పక్కన, తొడ లోపల, చీలమండ దగ్గర ఒక గడ్డ. వయసు 15 నుంచి 40 లోపు. ఏడాదో రెండేళ్లో అయింది, పెద్దగా పెరిగినట్టు లేదు, అప్పుడప్పుడు నొప్పి. ఇలాంటి గడ్డల్లో చాలావరకు కొవ్వు గడ్డలో, నీటి తిత్తులో, పాత దెబ్బ తాలూకు గట్టిపడిన రక్తమో అయి ఉంటాయి. కానీ సైనోవియల్ సార్కోమా అనే అరుదైన క్యాన్సర్ మొదలయ్యే తీరు కూడా అచ్చం ఇదే. "క్యాన్సరైతే ఈపాటికి ఇంత పెరిగేది కదా" అనే ధీమా ఈ జబ్బు దగ్గర పనిచేయదు. గడ్డ కనబడ్డాక రెండేళ్లకు గానీ జబ్బు బయటపడనివాళ్లు దీనిలో మామూలే.

పెద్దవాళ్లలో వచ్చే క్యాన్సర్లలో మెత్తటి కణజాలపు సార్కోమాలన్నీ (కండరం, కొవ్వు లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్లు) కలిపినా దాదాపు 1 శాతం. అందులో 5 నుంచి 10 శాతం మాత్రమే సైనోవియల్ సార్కోమా. అంటే వందల కొవ్వు గడ్డలు తీసిన మంచి సర్జన్‌కు కూడా ఇది ఎప్పుడో ఒకసారి ఎదురవుతుంది, లేదా అసలు ఎదురుకాదు. ఎక్కువగా కీళ్ల దగ్గర వస్తుంది గానీ కీలు లోపలి పొరలో పుట్టడం చాలా అరుదు. ఊపిరితిత్తుల్లో, మెడలో, పొట్ట గోడలో కూడా రావచ్చు.

ఈ జబ్బులో రోగి, ఇంట్లోవాళ్లు తీసుకునే నిర్ణయాల్లో అన్నిటికన్నా బరువైనది ఏ కీమో ఎక్కించుకోవాలన్నది కాదని నా నమ్మకం. మొదటి కోత ఎవరు పెట్టాలి, దానికి ముందు ఏమేం జరగాలి అన్నదే అసలు నిర్ణయం. వరుస తప్పితే తర్వాత ఎంత పెద్ద ఆసుపత్రికి వెళ్లినా ఆ నష్టం పూర్తిగా పూడదు.

ఏ గడ్డను అనుమానించాలి

5 సెం.మీ. దాటినది, అంటే పెద్ద నిమ్మకాయంత ఉన్నది. చర్మం కింద కదలకుండా లోపల కండరానికి అంటుకున్నట్టున్నది. పెరుగుతున్నది. నొప్పి పెడుతున్నది. ఒకసారి తీసేశాక మళ్లీ అక్కడే వచ్చినది. వీటిలో ఏ ఒక్కటున్నా ముందు స్కానింగ్ చేయించాలి. గడ్డ లోతుగా ఉందో లేదో చేత్తో కొంత తెలుస్తుంది: కండరం బిగబట్టినప్పుడు పైన ఉన్న గడ్డ అలాగే కదులుతుంది, కండరం పొర కింద ఉన్నది బిగుసుకుపోతుంది. అయితే పాదంలో, చేతిలో సైనోవియల్ సార్కోమా 2 సెం.మీ. దగ్గరే దొరకవచ్చు. అక్కడ చిన్నగా ఉందన్న కారణంతో వదిలేయకూడదు.

తైలంతో మర్దన చేయడం, పసరు కట్లు, కాపడం ఇలాంటి గడ్డకు వద్దే వద్దు. వాటితో గడ్డ కరగదు, పైగా నెలలు గడిచిపోతాయి. సూదితో నీరు లాగే ప్రయత్నం కూడా అంతే. అల్ట్రాసౌండ్‌లో ఈ గడ్డ కొన్నిసార్లు నీటి తిత్తిలాగే కనబడుతుంది. నీరు రాకుండా రక్తమో, ఏమీ రాకపోవడమో జరిగితే అక్కడితో ఆగి ఎమ్మారైకి పంపాలి.

వరుస: ఎమ్మారై, ఆ తర్వాత బయాప్సీ

ఎమ్మారై బయాప్సీకి ముందే తీయించాలి, కాంట్రాస్ట్ మందు ఇచ్చి తీయించాలి. ముందే సూది గుచ్చితే లోపల చిమ్మిన రక్తం, వాపు బొమ్మలో కలిసిపోయి గడ్డ అంచు ఎక్కడిదాకా ఉందో చెప్పడం కష్టమవుతుంది. కాంట్రాస్ట్ లేకపోతే ఈ గడ్డ తిత్తిలా తెల్లగా మెరిసి రేడియాలజిస్టును కూడా మోసం చేయగలదు. మామూలు ఎక్స్‌రే కూడా వృథా కాదు. దాదాపు మూడో వంతు మందిలో గడ్డలో సున్నపు చుక్కలు కనబడతాయి, కుర్రవాళ్ల కాలి గడ్డలో అవి కనబడితే అనుమానం బలపడుతుంది.

తర్వాత కోర్ బయాప్సీ, అంటే లావు సూదితో గడ్డ ముక్కలు తీసే పరీక్ష. సన్న సూదితో చేసే ఎఫ్ఎన్ఏసీ మన ఊళ్లలో అందరూ మొదట రాసే పరీక్ష. దానిలో విడి కణాలు మాత్రమే వస్తాయి కాబట్టి సార్కోమా రకం తేల్చడానికి అది చాలదు. ఎఫ్ఎన్ఏసీలో "క్యాన్సర్ కణాలు లేవు" అని వచ్చినా దాన్ని నమ్మి గడ్డ తీయించేసుకోకూడదు. కోర్ బయాప్సీకి 14 లేదా 16 గేజ్ సూది వాడి, అల్ట్రాసౌండ్ చూస్తూ, మత్తు సూది వేసి నాలుగైదు ముక్కలు తీస్తారు. ఆసుపత్రిలో పడుకోనక్కర్లేదు.

ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది సూది దిగే చోటు. సూది వెళ్లిన దారిలో కణాలు రాలవచ్చు కాబట్టి రేపు ఆపరేషన్‌లో ఆ దారిని కూడా గడ్డతో కలిపి తీసేస్తారు. అందుకే ఆపరేషన్ చేయబోయే సర్జనే బయాప్సీ చోటు గుర్తు పెట్టాలి. తొడకు బయాప్సీ కోత పెట్టాల్సి వస్తే కాలు పొడుగునా పెట్టాలి. అడ్డంగా పెడితే తర్వాతి ఆపరేషన్‌లో ఆ మచ్చనంతా తీయడానికి రెట్టింపు చర్మం పోతుంది, పూడ్చడానికి వేరేచోటి నుంచి చర్మమో కండరమో తేవాల్సి వస్తుంది.

బయాప్సీ రిపోర్టులో "స్పిండిల్ సెల్ సార్కోమా" అని మాత్రమే ఉంటే అది సగం రిపోర్టు. ఆ మాట కింద పది రకాల జబ్బులుంటాయి, వాటి వైద్యాలూ వేర్వేరు. సైనోవియల్ సార్కోమాను ఖాయం చేసేది జన్యువు పరీక్ష: ఎక్స్ క్రోమోజోమ్, 18వ క్రోమోజోమ్ ముక్కలు అటూ ఇటూ మారి ఎస్ఎస్18, ఎస్ఎస్ఎక్స్ అనే జన్యువులు అతుక్కుంటాయి. 95 శాతానికి పైగా రోగుల్లో ఈ అతుకు దొరుకుతుంది. దీన్ని ఫిష్ అనే పరీక్షతోనో, ఆర్ఎన్ఏ పరీక్షతోనో చూస్తారు. టీఎల్ఈ1 అనే రంగు పరీక్ష పాజిటివ్ వస్తే అనుమానం బలపడుతుంది, కానీ వేరే సార్కోమాల్లోనూ అది పాజిటివ్ రావచ్చు. ఆ అతుకునే నేరుగా పట్టే యాంటీబాడీ రంగు పరీక్ష కూడా ఇప్పుడు ఉంది, అది చాలా నమ్మదగినది.

ఇది పుట్టుకతో తల్లిదండ్రుల నుంచి వచ్చిన మార్పు కాదు, గడ్డలోని కణాల్లో మాత్రమే జరిగింది. కాబట్టి అన్నదమ్ములకు, పిల్లలకు పరీక్షలు అక్కర్లేదు.

బయాప్సీ ముక్కల్ని స్లైడ్ల మీద, పారఫిన్ (మైనం) బ్లాకుల్లో భద్రపరుస్తారు. వేరే ఆసుపత్రికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా బ్లాకులు అడిగి తీసుకెళ్లాలి. సార్కోమాలు ఎక్కువగా చూసే పాథాలజిస్టు మళ్లీ చూసినప్పుడు పేరే మారిపోయిన కేసులు ఈ జబ్బుల్లో తక్కువేమీ కావు.

గడ్డ ఎక్కడికైనా పాకిందో లేదో చూడటానికి ఛాతీ సీటీ స్కాన్ తీస్తారు. సైనోవియల్ సార్కోమా పాకితే ముందుగా చేరేది ఊపిరితిత్తులకే. లింఫు గ్రంథులకు పాకేది కొద్దిమందిలోనే. సీటీలో 3, 4 మి.మీ. చుక్కలు కనబడగానే పాకిందని నిర్ధారించకూడదు. పాత టీబీ మచ్చలు మన దేశంలో చాలామంది ఊపిరితిత్తుల్లో ఉంటాయి. అలాంటి చుక్కల్ని కొన్ని వారాల తర్వాత మళ్లీ స్కాన్ తీసి, పెరిగాయా లేదా అని చూసి తేలుస్తారు. పెట్ సీటీ అందరికీ తప్పనిసరి కాదు. డబ్బు తక్కువగా ఉంటే దానికన్నా మంచి ఎమ్మారైకి, జన్యు పరీక్షకు ఖర్చు పెట్టడం మేలు.

కొవ్వు గడ్డ అనుకుని ముందే తీసేస్తే

ఇది చాలా తరచుగా జరుగుతుంది. స్కాన్ లేకుండా చిన్న ఆపరేషన్‌తో గడ్డ తీసేస్తారు, వారం తర్వాత బయాప్సీ రిపోర్టు సార్కోమా అని వస్తుంది. కొన్నిచోట్ల తీసిన గడ్డను పరీక్షకు పంపనే పంపరు. అప్పుడు ఏడాది తర్వాత అక్కడే గడ్డ మళ్లీ లేచేదాకా జబ్బు పేరే తెలియదు. తీసిన ప్రతి గడ్డనూ, అది ఎంత మామూలుగా కనబడినా, ఫార్మలిన్‌లో వేసి పాథాలజీకి పంపమని రోగి తరఫువాళ్లే అడగాలి. మామూలు నీళ్లలోనో సెలైన్‌లోనో వేసి ఇంటికిస్తే కణాలు పాడై ఏ పరీక్షకూ పనికిరాకుండా పోతాయి.

"మొత్తం వచ్చేసింది, శుభ్రంగా తీసేశాం" అన్నమాట ఇక్కడ అబద్ధం కాదు గానీ నిజమూ కాదు. గడ్డ పెరుగుతూ చుట్టూ ఉన్న కండరాన్ని నొక్కి ఒక తొడుగులాంటిది తయారు చేసుకుంటుంది. సర్జన్ వేలు పెట్టగానే పనసతొన ఊడివచ్చినట్టు గడ్డ చులాగ్గా వచ్చేస్తుంది. కానీ ఆ తొడుగు గోడలోనే సార్కోమా కణాలుంటాయి, అవి కాలిలోనే మిగిలిపోతాయి. ఇలా తీసినవాళ్లకు రెండోసారి ఆపరేషన్ చేస్తే మూడో వంతు నుంచి సగం మందిదాకా మిగిలిన జబ్బు కనబడుతుంది.

అలా జరిగినా దారి మూసుకుపోలేదు. చేయాల్సినవి ఇవి: మొదటి ఆపరేషన్ నోట్సు, బ్లాకులు, ఆపరేషన్‌కు ముందు తీసిన ఏ స్కాన్ అయినా సరే తెచ్చుకోవాలి. కొత్తగా ఎమ్మారై, ఛాతీ సీటీ తీయించాలి. సార్కోమా బృందం ఉన్న ఆసుపత్రిలో గడ్డ ఉన్న పడకనంతా, పాత మచ్చతో, రక్తం పాకిన మేరతో సహా మళ్లీ తీయించాలి. రేడియేషన్ కూడా చాలామందికి అవసరమవుతుంది. మొదటి ఆపరేషన్‌లో డ్రెయిన్ పైపును గాయానికి దూరంగా వేరే రంధ్రంలోంచి తెచ్చి ఉంటే ఆ రంధ్రం వరకూ దారంతా తీయాల్సి వస్తుంది. సరైన ఆపరేషన్‌లో డ్రెయిన్‌ను కోత చివరకు ఆనుకుని, అదే గీతలో పెట్టేది ఇందుకే.

ఆపరేషన్, రేడియేషన్

కాలు తీసేయాలేమో అన్నది అందరి మొదటి భయం. 1982లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 43 మంది మీద జరిపిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. కొందరికి కాలో చేయో తీసేశారు, మిగతావాళ్లకు అవయవం నిలిపి గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చారు. అవయవం నిలిపినవాళ్లలో 27 మందిలో నలుగురికి అక్కడే జబ్బు తిరిగి వచ్చింది, కానీ బతికే కాలంలో తేడా కనబడలేదు. కాలు తీసేసినంత మాత్రాన ఊపిరితిత్తులకు పాకడం ఆగదని అప్పుడే తేలింది. ఈరోజు మంచి కేంద్రాల్లో పదిమందిలో తొమ్మిది మందికి పైగా అవయవం నిలుస్తుంది.

ఆపరేషన్‌లో గడ్డ చుట్టూ ఒకటి రెండు సెం.మీ. మంచి కణజాలాన్ని కలిపి, గడ్డ కంటికి కనబడకుండా తీయాలి. ఎముక పొర, నరం తొడుగు, కండరం మీది గట్టి పొరలాంటివి అడ్డుంటే అక్కడ ఆ పొరే హద్దుగా సరిపోతుంది, సెంటీమీటర్లు అక్కర్లేదు. రక్తనాళం గడ్డలో చిక్కుకుంటే ఆ ముక్క తీసి గ్రాఫ్ట్ వేస్తారు. తొడ వెనక ఉండే సయాటిక్ నరాన్నే తీయాల్సి వస్తే పాదం పైకి లేవదు, అరికాలి స్పర్శ పోతుంది. అప్పుడు కూడా స్ప్లింటుతో నడవవచ్చు, కాలు తీసేయడానికి అదొక్కటే కారణం కానక్కర్లేదు. కాకపోతే అరికాలికి పుండ్లు పడకుండా రోజూ చూసుకోవాలి.

రేడియేషన్, మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారే అది, ఆపరేషన్‌కు ముందైనా తర్వాతైనా ఇస్తారు. ముందు ఇస్తే 50 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), 25 సిట్టింగులు, వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు. అది అయ్యాక నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి ఆపరేషన్. తర్వాత ఇస్తే 60 నుంచి 66 గ్రే, 30 నుంచి 33 సిట్టింగులు. ఈ రెండింటినీ పోల్చి కెనడాలో జరిగిన పరీక్ష 2002లో వెలువడింది: ముందు ఇచ్చినవాళ్లలో 35 శాతం మందికి గాయం మానడంలో ఇబ్బంది వచ్చింది, తర్వాత ఇచ్చినవాళ్లలో 17 శాతం. కానీ ఏళ్లు గడిచాక కాలు బిగుసుకుపోవడం, వాపు తర్వాత ఇచ్చినవాళ్లలోనే ఎక్కువ. గాయం మూడు నెలల్లో మానుతుంది, బిగుసుకున్న మోకాలు జీవితాంతం ఉంటుంది. వయసులో ఉన్నవాళ్లకు ముందు ఇవ్వడమే మంచిదని నేను అనుకుంటాను. షుగర్ ఉన్నవాళ్లు, పొగతాగేవాళ్లు, తొడ పైభాగంలో గడ్డ ఉన్నవాళ్ల విషయంలో మాత్రం గాయం లెక్క బరువుగానే చూడాలి.

రేడియేషన్ ప్లాన్ చేసేటప్పుడు కాలి చుట్టుకొలత మొత్తం కిరణం పడకుండా ఒక పక్క సన్నని పట్టీని వదిలేయాలి. లింఫు పారడానికి అదే దారి. అది మూసుకుపోతే కాలు శాశ్వతంగా వాచిపోతుంది. ఎముక పొర తీసి, పైగా 60 గ్రే దాటి ఇచ్చిన తొడ ఎముక కొన్నేళ్ల తర్వాత చిన్న దెబ్బకే విరగవచ్చు. అలా విరిగిన ఎముక మామూలు వాటిలా త్వరగా అతకదు.

5 సెం.మీ. లోపు గడ్డ, చుట్టూ విశాలంగా మంచి కణజాలంతో వచ్చేస్తే రేడియేషన్, కీమో రెండూ లేకుండా ఆపడం కూడా సరైన వైద్యమే. 60 మంది పిల్లలు, కౌమారంలో ఉన్నవాళ్ల మీద యూరప్, అమెరికా బృందాలు కలిసి చూసిన లెక్కలో ఆపరేషన్ మాత్రమే చేయించుకున్నవాళ్లలో మూడేళ్లకు 90 శాతం మందికి జబ్బు తిరగబెట్టలేదు, అందరూ బతికే ఉన్నారు.

కీమో

సార్కోమాల్లో కీమోకు బాగా లొంగే రకాల్లో సైనోవియల్ ఒకటి, ముఖ్యంగా ఐఫాస్ఫమైడ్‌కు. అయినా గడ్డ పాకనివాళ్లలో కీమో వల్ల ఎంత లాభమన్న చర్చ ఇంకా తెగలేదు. గడ్డ 5 సెం.మీ. దాటి, లోతుగా ఉండి, గ్రేడు (కణాల దూకుడు స్థాయి) 3 అయితే చాలా కేంద్రాలు ఆపరేషన్‌కు ముందు మూడు సైకిళ్లు ఇస్తాయి. ఇటలీ బృందం ముందుండి నడిపిన అధ్యయనంలో, 2017 నాటి ఫలితాల ప్రకారం, ఎపిరుబిసిన్, ఐఫాస్ఫమైడ్ కలిపిన మామూలు కీమో ఒక్కో రకానికి ప్రత్యేకంగా ఎంచిన కీమో కన్నా తీసిపోలేదు. సైనోవియల్‌కు ప్రత్యేకంగా ఎంచింది ఎక్కువ మోతాదు ఐఫాస్ఫమైడే. అది విడిగా ఇచ్చినా అదనపు లాభం కనబడలేదు.

మోతాదు శరీర ఉపరితలాన్ని బట్టి లెక్కిస్తారు. 165 సెం.మీ. ఎత్తు, 55 కిలోల బరువున్న మనిషికి అది దాదాపు 1.6 చదరపు మీటర్లు. ఎపిరుబిసిన్ కుటుంబానికే చెందిన డాక్సోరుబిసిన్ చదరపు మీటరుకు 75 మి.గ్రా. అంటే సైకిల్‌కు 120 మి.గ్రా.; ఐఫాస్ఫమైడ్ 9 గ్రాములంటే సైకిల్‌కు 14.4 గ్రాములు, మూడు రోజులకు పంచి ఎక్కిస్తారు. ప్రతి 21 రోజులకు ఒక సైకిల్. డాక్సోరుబిసిన్ జీవితం మొత్తానికి చదరపు మీటరుకు 450 మి.గ్రా. దగ్గర ఆపడం రివాజు, అంటే ఈ మోతాదులో ఆరు సైకిళ్లు. ఆపైన గుండె కండరం బలహీనపడే ముప్పు బాగా పెరుగుతుంది. మొదలుపెట్టేముందు ఎకో (గుండె స్కాన్) తప్పదు. ఆ మందు ఎంత ఎక్కిందో ప్రతి డిశ్చార్జి కాగితంలో రాయించుకోవాలి. పదేళ్ల తర్వాత మళ్లీ కీమో అవసరమైతే ఆ లెక్క లేకుండా ఎవరూ ధైర్యంగా ఇవ్వలేరు.

ఐఫాస్ఫమైడ్ విరిగినప్పుడు పుట్టే ఒక విషపదార్థం మూత్రాశయం గోడను కాల్చి రక్తం వచ్చేలా చేస్తుంది. దానికి విరుగుడు మెస్నా. ఐఫాస్ఫమైడ్ మోతాదులో కనీసం 60 శాతం ఇస్తారు, ఐఫాస్ఫమైడ్ అయిపోయాక కూడా కొన్ని గంటలు కొనసాగిస్తారు. పక్కన సెలైన్లు ధారగా వెళ్లాలి, మూత్రం కొలవాలి. డాక్సోరుబిసిన్ ఎర్రటి మందు కాబట్టి ఎక్కించిన ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా రావడం మామూలే. మూడో రోజుకూ ఎరుపు పోకపోయినా, మంటగా ఉన్నా, రక్తపు గడ్డలు పడుతున్నా అది మందు రంగు కాదు, వెంటనే నర్సుకు చెప్పాలి.

ఇంకొకటి, పక్కన ఉండేవాళ్లే కనిపెట్టగలిగినది. ఐఫాస్ఫమైడ్ ఎక్కుతుండగా లేదా ఆ మర్నాడు రోగి మరీ మత్తుగా పడుకోవడం, తేదీ అడిగితే తడబడటం, లేనివి కనబడుతున్నాయనడం జరిగితే "అలసిపోయాడులే, పడుకోనీ" అని వదలకూడదు. మందు మెదడు మీద పనిచేస్తోందని గుర్తు. రక్తంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ తక్కువున్నవాళ్లకు, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. మందు ఆపి, అవసరమైతే మిథిలీన్ బ్లూ ఇస్తారు. చాలామంది ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటారు.

తెల్ల రక్తకణాల కౌంట్ అడుగుకు పడిపోయేది ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య, సరిగ్గా ఇంట్లో ఉన్నప్పుడు. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ తాకిందంటే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడటం ప్రమాదం. జ్వరం తగ్గినట్టే ఉంటుంది, ఇన్‌ఫెక్షన్ మాత్రం రక్తంలో పాకుతుంది. నేరుగా ఆసుపత్రికి వెళ్లి, కీమోలో ఉన్నానని చెప్పి, గంటలోపు యాంటీబయాటిక్ పడేలా చూసుకోవాలి. కీమో అయిన 24 గంటల తర్వాత వేసే, తెల్లకణాల్ని పెంచే పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ సూదిని ఖర్చుకు జంకి మానేయకూడదు.

పెళ్లి కాని కుర్రవాళ్లకు వచ్చే జబ్బు కాబట్టి మొదటి సైకిల్‌కు ముందే వీర్యం భద్రపరిచే సంగతి డాక్టరే ఎత్తాలి. ఎత్తకపోతే అడగాలి. ఐఫాస్ఫమైడ్ మోతాదు పెరిగేకొద్దీ పిల్లలు పుట్టే అవకాశం తగ్గుతుంది. అబ్బాయిలకు ఇది ఒకటి రెండు రోజుల పని. అమ్మాయిలకు అండాలు భద్రపరచడానికి రెండు వారాలు పట్టవచ్చు, చికిత్స వరుసలో దానికి చోటు ముందే చూడాలి.

బతుకు లెక్కలు ఎలా చదవాలి

అమెరికా క్యాన్సర్ రిజిస్ట్రీలోని 1,268 మంది లెక్క చూస్తే, ఐదేళ్ల తర్వాత ఈ జబ్బుకు బలికాకుండా ఉన్నవాళ్లు పిల్లలు, కౌమారంలో ఉన్నవాళ్లలో 83 శాతం, పెద్దవాళ్లలో 62 శాతం. ఇది అన్ని దశలూ కలిపిన సగటు. ఒక మనిషి విషయంలో ఈ సగటు కన్నా గడ్డ కొలతే ఎక్కువ చెబుతుంది. 5 సెం.మీ. లోపు, పాకకుండా, సరిగ్గా తీసేసినవాళ్లలో పదిమందికి ఎనిమిది మందికి పైగా ఐదేళ్లు దాటుతారు. 10 సెం.మీ. దాటిన గడ్డల్లో అది సగానికి అటూఇటూగా పడిపోతుంది. కాళ్లు చేతుల్లో వచ్చినవి ఛాతీలో, పొట్టలో వచ్చినవాటి కన్నా మెరుగు. సైనోవియల్ సార్కోమాకు గ్రేడు 1 ఉండదు. 2 లేదా 3 మాత్రమే, 3 అయితే ముప్పు ఎక్కువ. రిపోర్టులో "పూర్లీ డిఫరెన్షియేటెడ్" అన్న మాట ఉందేమో కూడా చూడాలి, అది మొండి రకం.

ఐదేళ్ల లెక్కను ఈ జబ్బులో ఆఖరి గీతగా తీసుకోకూడదు. చాలా క్యాన్సర్లలో ఐదేళ్లు దాటితే ఊపిరి పీల్చుకుంటారు. దీనిలో పదేళ్ల తర్వాత, ఇంకా ఆలస్యంగా కూడా ఊపిరితిత్తుల్లో తేలిన సందర్భాలున్నాయి. అందుకే మొదటి రెండు మూడేళ్లు మూడు నాలుగు నెలలకోసారి, ఐదేళ్లదాకా ఆరు నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి, పదేళ్లు దాటినా ఛాతీ పరీక్ష ఆపకూడదు. అవయవానికి ఎమ్మారై లేదా అల్ట్రాసౌండ్ కూడా.

పాకినప్పుడు

ఊపిరితిత్తుల్లో రెండు మూడు గడ్డలే ఉండి, మొదటి చికిత్సకూ వీటికీ మధ్య ఏడాదికి పైగా ఎడం ఉంటే వాటిని ఆపరేషన్‌తో తీసేయడం గురించి తప్పక అడగాలి. అలా తీయించుకుని ఏళ్ల తరబడి బాగున్నవాళ్లున్నారు. ఆపరేషన్ కుదరని చిన్న గడ్డలకు సూటిగా ఎక్కువ మోతాదులో ఇచ్చే రేడియేషన్ ఉంది. నాలుగో దశ అన్న మాట వినగానే ఛాతీ సర్జన్‌కు చూపించకుండానే కీమోకు పంపేయడం సరికాదు.

తీయలేనంతగా ఉంటే మందులే. 2014లో వెలువడిన యూరప్ అధ్యయనంలో అన్ని రకాల సార్కోమాలనూ కలిపి చూస్తే, డాక్సోరుబిసిన్ ఒక్కటే ఇస్తే 14 శాతం మందిలో గడ్డ కుంచించుకుపోయింది, ఐఫాస్ఫమైడ్ కలిపితే 26 శాతం. బతికిన కాలంలో మాత్రం నికరమైన తేడా రాలేదు. కాబట్టి ఊపిరాడక, నొప్పితో ఉన్న మనిషికి గడ్డ త్వరగా తగ్గడం కోసం రెండూ కలిపి ఇవ్వడం సబబు. లక్షణాలేమీ లేనివాళ్లకు ఒక్కో మందుతో నెమ్మదిగా వెళ్లడంలో తప్పులేదు. తర్వాతి వరుసలో పజోపానిబ్ మాత్రలు, ట్రాబెక్టెడిన్ ఉన్నాయి. పజోపానిబ్ రోజుకు 800 మి.గ్రా., తినడానికి గంట ముందు లేదా తిన్న రెండు గంటల తర్వాత. గ్యాస్ మాత్రలు వేసుకుంటే ఇది ఒంటికి సరిగ్గా పట్టదు, ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి. బీపీ, లివర్ పరీక్షలు తప్పనిసరి. జుట్టు తెల్లబడుతుంది, దానికి కంగారు అక్కర్లేదు. పాకిన దశలో సగం మంది బతికే కాలం దాదాపు ఏడాదిన్నర, రెండేళ్లని పాత లెక్కలు చెబుతాయి. మిగతా సగం మంది అంతకన్నా ఎక్కువ కాలం ఉన్నారని కూడా దాని అర్థమే.

2024 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ అఫామీ-సెల్ అనే కణ చికిత్సకు అనుమతి ఇచ్చింది. వ్యాపార నామం టెసెల్రా. రోగి టి-కణాలు (రోగనిరోధక కణాలు) తీసి, గడ్డ మీది మేజ్-ఎ4 అనే గుర్తును పట్టేలా మార్చి, ఒకే ఒక్కసారి తిరిగి ఎక్కిస్తారు. 44 మందిలో 19 మందికి గడ్డలు గమనించదగినంత కుంచించుకున్నాయి. వాళ్లందరూ అప్పటికే కీమో అయిపోయి జబ్బు ముదిరినవాళ్లన్నది గుర్తుంచుకోవాలి. అందరికీ కుదరదు: గడ్డలో మేజ్-ఎ4 ఉండాలి, రోగి హెచ్ఎల్ఏ రకం (అవయవ మార్పిడిలో సరిపోల్చే కణాల మీది గుర్తులు) ఎ2 గుంపులో 02:01, 02:02, 02:03, 02:06లలో ఒకటై ఉండాలి. మన దేశంలో ఎ2 గుంపువాళ్లలో బాగా కనబడే 02:11 ఈ జాబితాలో లేదు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఈ చికిత్స కోసం తిరిగే ముందు పూర్తి స్థాయి హెచ్ఎల్ఏ పరీక్ష చేయించుకోవాలి. "ఎ2 పాజిటివ్" అని మాత్రమే రాసిన రిపోర్టు చాలదు. ఇండియాలో ఇది మామూలు చికిత్సగా అందుబాటులో లేదు, అమెరికాలో ధర 7 లక్షల డాలర్లకు పైనే. ఇల్లు పొలం అమ్మే ఆలోచన చేసేముందు ఆ రెండు పరీక్షల ఫలితం చేతిలో ఉండాలి.

ఎక్కడికి వెళ్లాలి

సర్జన్, రేడియేషన్, కీమో డాక్టర్లు, పాథాలజిస్టు, రేడియాలజిస్టు ఒకచోట కూర్చుని కేసు చూసే ట్యూమర్ బోర్డు ఉన్న చోటికి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, బసవతారకం, విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, రాష్ట్రం దాటితే వేలూరు సీఎంసీ, చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, ముంబయి టాటా మెమోరియల్ ఉన్నాయి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ కింద క్యాన్సర్ ఆపరేషన్లు, రేడియేషన్, కీమో ప్యాకేజీలున్నాయి. జన్యు పరీక్షలాంటివి వాటిలోకి వస్తాయో రావో ముందే ఆరోగ్యమిత్రను అడగాలి. నిపుణుల అభిప్రాయానికి, ఆపరేషన్ తేదీకి కలిపి మూడు నాలుగు వారాలు పడితే పరవాలేదు. తొందరపడి వారంలో తప్పు కోత పెట్టించుకోవడం కన్నా ఆ ఆలస్యమే మేలు.

వెళ్లేటప్పుడు సంచిలో ఉండాల్సినవి: ఎమ్మారై, సీటీల సీడీలు, ఫిల్ములు మాత్రమే ఉంటే అవి, బ్లాకులు, స్లైడ్లు, పాత ఆపరేషన్ నోట్సు, రిపోర్టుల నకళ్లు. డాక్టర్‌ను అడగాల్సినవి: గడ్డ కొలత ఎంత, లోతెంత, గ్రేడెంత, ఎస్ఎస్18 పరీక్ష అయిందా, ఇలాంటి ఆపరేషన్లు ఏడాదికి ఎన్ని చేస్తారు, రేడియేషన్ ముందా తర్వాతా, ఎందుకు. ఆపరేషన్ అయ్యాక వచ్చే రిపోర్టులో అంచు ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో అంకెలో ఉండాలి. "మార్జిన్ ఫ్రీ" అని మాత్రమే ఉంటే ఎంత దూరమో రాసివ్వమని పాథాలజీ విభాగాన్ని అడగవచ్చు, ముక్క ఇంకా వాళ్ల దగ్గరే ఉంటుంది.